కయాక్‌లో చేపల వేటకి నాగావళి ఏరా, తాటిపూడి రిజర్వాయరా? ఒక్కరోజుకైతే ఏది మేలు

ఒక ఆదివారం ఖాళీ, ఒక కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ), రెండు గాలాలు, ఉండేదేమో విజయనగరమో శ్రీకాకుళమో, మరి ఎటు పోవాలి? కొత్తవాళ్లకి, ఒక్కరే వెళ్లేవాళ్లకి రిజర్వాయరే మేలు, ఏరు రెండోది, ముందే చెప్పేస్తున్నా. ఎక్కడ చేప ఎక్కువ పడుతుందన్నది కాదు నేను చూసేది. సాయంత్రం జబ్బలు పీకేస్తున్నప్పుడు బండి దగ్గరికి ఎలా తిరిగొస్తాం అన్నదే నాకు ముఖ్యం.

ముందు ఏరు సంగతి. నాగావళి ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా తోటపల్లి బ్యారేజీ దాటి మనకొస్తాది. అందుకే ఇక్కడ ఒక్క మబ్బు లేకపోయినా పైన కొండల్లో కురిసిందంటే నీళ్లు పెరిగిపోతాయి, తోటపల్లి గేట్లు ఎత్తారంటే ఇంక చెప్పక్కర్లేదు. వంశధార ఏరుదీ అదే వరస, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను అప్పుడు ఊళ్ల మీదకి ఎలా వచ్చిందో చూసినోళ్లం కదా. వానలు తగ్గాక నాగావళి నవంబర్ చివర్నుంచి సంక్రాంతి దాకా బాగుంటాది, ఆ తర్వాత ఎండాకాలం వచ్చేకొద్దీ ఇసక తేలిపోయి సగం దూరం కయాక్‌ని ఈడ్చుకుంటూ నడవాలి, అది వేట కాదు కూలిపని.

నీళ్లు నిలిచేది ఆనకట్టల పైభాగంలో, నారాయణపురం ఆనకట్ట వెనకలాంటి చోట్ల. అక్కడ మలుపుల్లో మడుగులుంటాయి, జెల్లలు, వాలుగ ఆ మడుగుల్లోనే ఉంటాయి, వానపాము గుచ్చి అడుక్కి దించితే చాలు. గట్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి గాలి అంతగా కొట్టదు, ఏటికి ఉన్న పెద్ద సుఖం ఇదే. కానీ ఒక లెక్క తప్పకూడదు, పొద్దున్న ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఎదురు తెడ్డేసుకుంటూ పైకి పోవాలి, మధ్యాహ్నం వాలుకి దిగిరావాలి. హాయిగా ఉంది కదా అని ముందు కిందకి పోయారంటే తిరిగి రావడానికి ప్రాణం పోతాది. ఆనకట్ట అంచు దగ్గరికి మాత్రం అస్సలు పోకండి, దూకిన నీళ్లు కింద అక్కడికక్కడే సుడి తిరుగుతుంటాయి, అందులో పడ్డ మనిషిని లైఫ్ జాకెట్ ఉన్నా బయటికి రానివ్వవు. లంగరు కూడా ముందు కొసకో వెనక కొసకో కట్టాలి, పక్కకి కట్టారంటే ప్రవాహం అడ్డంగా తోసి కయాక్‌ని బోర్లా వేసేస్తాది.

ఇప్పుడు తాటిపూడి. గంట్యాడ మండలంలో గోస్తని మీద 1960ల్లో కట్టిన రిజర్వాయర్, విశాఖపట్నానికి తాగునీళ్లు ఇక్కణ్ణుంచి కూడా వెళ్తాయి, కాబట్టి ఇరిగేషన్ వాళ్లని అడక్కుండా దిగొద్దు, తెగిన నైలాన్ దారం ముక్క కూడా నీళ్లలో వదలొద్దు. మత్స్యకారుల సొసైటీ వాళ్లని కూడా అడగండి, చేపపిల్లల్ని వదిలి పెంచుకునేది వాళ్లు, వాళ్ల బతుకు ఆ బొచ్చె, శీలావతి మీదే. థర్మాకోల్ తెప్పల మీద తిరిగేవాళ్లు కనిపిస్తే పలకరించి వల ఎటేశారో కనుక్కోండి, ఆ వలలు దాటి పోవొద్దు. మడ్డువలస, ఆండ్ర రిజర్వాయర్లలో అయినా ఇదే మర్యాద.

నాకు మాత్రం రిజర్వాయర్‌లో అసలు ఆనందం కొర్రమీనే. గడ్డి అంచున కయాక్‌ని చప్పుడు కాకుండా ఆపుకుని చూస్తూ ఉంటే ఒకచోట నీళ్లు బుడుక్కుమంటాయి, అది గాలి పీల్చుకోడానికి పైకొచ్చిందన్నమాట, దానికి బారెడు ముందు కప్ప లూర్ (కప్పలా ఉండే ఉత్తుత్తి ఎర) వేసి మెల్లగా లాక్కొస్తే వెనకాలే నీళ్లు గీతలాగ లేస్తాయి, అప్పుడు కంగారుపడి గుంజకుండా అది నోట్లో పెట్టుకుని తిరిగేదాకా ఆగాలి. ఒడ్డున నిలబడినోడికి ఈ గడ్డి అంచు అందదు, అందుకే కయాక్. ఒకవేళ ఎర్రటి చిన్న చేపపిల్లలు ముద్దగా నీటిపైన కదులుతూ కనిపిస్తే గాలం తీసేయండి. కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, వాటిని పట్టేస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపలకి మేతైపోతాయి.

రిజర్వాయర్‌కున్న ఇబ్బంది గాలి. పొద్దున్న అద్దంలా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి అలలు కొడతాయి, చుట్టూ ఖాళీ కాబట్టి ఆపేది ఏదీ ఉండదు. అందుకే గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకుని ముందు ఎదురు పోవాలి, తిరిగొచ్చేది గాలివాటున రావాలి, ఒడ్డుకి దగ్గర్లోనే తిరగాలి. ఇక్కడ అలిసిపోతే ఏదో ఒక ఒడ్డుకి కొట్టుకుపోతాం, నడిచి రావొచ్చు, ఏట్లో అయితే ఆనకట్ట మీదకే పోతాం. నేను రిజర్వాయర్ అంటున్నది ఇందుకే.

కళింగపట్నం దగ్గర వంశధార మొగలో పండుగప్ప కోసం వెళ్దామా అంటారు కొందరు. పోటు తీసేటప్పుడు నీళ్లు సముద్రంలోకి లాగేస్తాయి, ఒక్కరోజు సరదాకి అది వద్దు.

ఇంక కయాక్ విషయానికొస్తే, రిజర్వాయర్‌కైతే లోపల కాకుండా కయాక్ పైన కూర్చునే గట్టి ప్లాస్టిక్‌దే మేలు, పది పన్నెండు అడుగులది, పడ్డ నీళ్లు కన్నాల్లోంచి వాటంతటవే పోతాయి, గాలికి అంత తేలిగ్గా కొట్టుకుపోదు. కాకపోతే ముప్పై కిలోల పైమాటే, కారు మీద స్టాండు కావాలి, ఎత్తడానికి తోడు కావాలి. గాలి కొట్టుకునేది డిక్కీలో పట్టేస్తాది గానీ గట్టు మీద తుమ్మముళ్లు, నీళ్లలో మునిగిన చెట్ల మోళ్లు దానికి శత్రువులు. బడ్జెట్ లేక అదే తీసుకుంటే గట్టు దిగేటప్పుడు ఈడ్చకుండా మోసుకునే దించండి, ప్యాచ్ కిట్టు, చేతి పంపు కారులో కాదు కయాక్‌లోనే పెట్టుకోండి.