1007 ఫారం ఒక్కటే పంపితే సరిపోదు: తొమ్మిదేళ్లు వాడాక నా మాట

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, మెకిన్నీ, ప్రాస్పర్ చుట్టుపక్కల ఇళ్లకి విలువ కట్టడం నా పని. ఈ తొమ్మిదేళ్లలో నా చేత ఎక్కువ ఫోన్లు చేయించిందీ, ఎక్కువ మాటలు పడేలా చేసిందీ ఒకే ఒక్క పేజీ ఉన్న 1007 ఫారం. బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే సంస్థ తయారుచేసింది. ఇంటికి నెలకి మార్కెట్ అద్దె ఎంతో తేల్చే పట్టిక ఇది. అడుగున చిన్న అక్షరాల్లో 8/88 అని ఉంటుంది, అంటే 1988 ఆగస్టు నాటిది. ఇప్పటికీ అదే వాడుతున్నాం.

మామూలుగా ఇది పెద్ద అప్రైజల్ రిపోర్టు, అంటే ఇంటి విలువ కట్టి ఇచ్చే రిపోర్టు, వెనక అతికించి పంపే కాగితం. అద్దెకివ్వడానికి ఇల్లు కొంటున్నవాళ్లకి లోన్ ఇచ్చేటప్పుడు, విలువతో పాటు అద్దె కూడా చెప్పమని లెండర్ అడుగుతాడు. నేను చెప్పబోయేది అది కాదు. విలువ వద్దు, అద్దె ఒక్కటే కావాలి అని వచ్చే పని గురించి. ఆస్తి పంపకాలకీ, విడాకుల కేసులకీ, ట్యాక్స్ లెక్కలకీ ఇలా అడుగుతారు.

ఆ మధ్య ఒక తెలుగాయన ఫోన్ చేశాడు. "అన్నా, నా రెండో ఇంట్లో మా తమ్ముడు ఉంటున్నాడు. 1,900 డాలర్లు తీసుకుంటున్నా. మా ట్యాక్స్‌లు చూసే సీపీఏ మార్కెట్ అద్దె ఎంతో రాయించుకు రమ్మంటోంది" అన్నాడు. ఆమె అడగడంలో న్యాయముంది. అమెరికా పన్ను చట్టం ప్రకారం తోడబుట్టినవాళ్లకి ఇల్లిస్తే, వాళ్లు దాన్ని సొంత నివాసంగా వాడుకుంటూ న్యాయమైన అద్దె కడితేనే అది అద్దె ఇల్లు లెక్కలోకి వస్తుంది. తక్కువ తీసుకుంటే ఆ రోజులన్నీ ఓనర్ సొంత వాడకం కిందికి పోతాయి. అప్పుడు అద్దెని మించిన ఖర్చుల్ని నష్టంగా చూపడం కుదరదు.

ఫారంలో అద్దె తేల్చాల్సిన ఇంటికి ఒక గడి, పోలికకి తీసుకునే అద్దె ఇళ్లకి మూడు గడులు. లీజు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగుస్తుంది, అద్దె ఎంత, అందులో కరెంటు, నీళ్లు, ఫర్నిచర్ కలిసున్నాయా, ఆ పైన లొకేషన్, వయసు, బెడ్‌రూములు, ఎస్‌ఎఫ్‌టీ తేడాలు. ఈ వరస నాకు నచ్చుతుంది. లీజు తేదీలు అడగడం మరీ మంచిది. ఇక్కడ స్కూళ్లు ఆగస్టులో తెరుస్తారు కాబట్టి జూన్‌లో కుదిరిన లీజుకీ, డిసెంబర్‌లో ఖాళీగా పడున్న ఇంటికి దొరికిన లీజుకీ తేడా ఉంటుంది.

అద్దెలో ఇచ్చే రాయితీలకి కూడా ఒక వరస ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసే అప్రైజర్లని చాలామందిని చూశాను. తమ్ముడి ఇంటి పనిలో నాకు దొరికిన మొదటి పోలిక 2,850కి వెళ్లినట్టు ఎంఎల్ఎస్‌లో, అంటే ఏజెంట్లు ఇళ్ల వివరాలు పెట్టుకునే లిస్టింగులో, ఉంది. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే, "మొదటి నెల ఫ్రీ ఇచ్చాం కదా" అంది తేలిగ్గా. 12 నెలల లీజులో ఓనర్ చేతికొచ్చేది 11 నెలల డబ్బు, 31,350 డాలర్లు. 12తో భాగిస్తే 2,612 చిల్లర. ఫోన్ చేయకపోతే మొదటి గడిలోనే నెలకి 237 డాలర్లు తప్పు పడేది. టెక్సస్‌లో ఇంటి అమ్మకం ధర కూడా బయట పెట్టక్కర్లేదు, ఇక అద్దె సంగతి చెప్పేదేముంది. పోర్టళ్లలో కనిపించేది ఓనర్ అడుగుతున్న అద్దె, కుదిరిన అద్దె కాదు. అందుకే ఈ పనిలో సగం రోజు ఫోన్ మీదే గడుస్తుంది. అయిదుగురికి చేస్తే ఇద్దరు ఎత్తుతారు.

రెండో పోలికకి స్విమ్మింగ్ పూల్ ఉంది. అద్దెలోనే పూల్ శుభ్రం చేయించడం, పచ్చిక కోయించడం కలిపేశారు. మా డాలస్ పక్క ఇది మామూలే. కానీ అద్దెలోంచి తీసేయాల్సిన వాటికి ఫారంలో ఉన్నవి రెండే వరసలు: కరెంటు, నీళ్ల లాంటివి ఒకటి, ఫర్నిచర్ ఒకటి. పూల్ ఖర్చు ఎక్కడ రాయాలి? నేను 'ఇతర' అన్న వరసలో రాసి, కింద వివరణ ఇస్తాను. 1988లో ఇది ఎవరికీ తట్టలేదేమో.

కొత్తగా వచ్చినవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. అమ్మకానికి ఎస్‌ఎఫ్‌టీకి ఇంత అని వాడే అడ్జస్ట్‌మెంట్‌ని (ఇళ్ల మధ్య తేడాకి కలిపే, తీసే మొత్తాన్ని) కుదించి అద్దెకి పట్టుకొస్తారు. అద్దెకి దిగేవాళ్లు నాలుగు బెడ్‌రూములున్నాయా, రెండు కార్ల గరాజ్ ఉందా, ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ అని చూస్తారు. 150 ఎస్‌ఎఫ్‌టీ ఎక్కువుందని పైసా ఎక్కువ ఇవ్వడం నేను పెద్దగా చూడలేదు. స్కూల్ సంగతి మాత్రం జాగ్రత్త. అడ్రస్‌లో ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన పిల్లలు ఫ్రిస్కో ఐఎస్‌డీకే, అంటే ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌కే, వెళ్తారని లేదు. ఊళ్లో కొన్ని భాగాలు ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ డిస్ట్రిక్టుల్లో ఉన్నాయి.

"తూర్పు ముఖం అన్నా, దానికేమైనా వేస్తావా?" అని కూడా ఆయన అడిగాడు. నా దగ్గరున్న లీజుల్లో తూర్పు ముఖానికి తేడా కనిపించలేదు, అందుకని వేయలేదు. కార్యసిద్ధి హనుమాన్ గుడికి దగ్గర కాబట్టి మనవాళ్లు ఎగబడతారని రాయమన్నాడు. అది అసలే రాయకూడదు. ఏ దేశపు వాళ్లు, ఏ మతం వాళ్లు ఉంటారన్నది అప్రైజల్‌లోకి తెస్తే ఫెయిర్ హౌసింగ్ చట్టం ఊరుకోదు.

ఇక ఈ ఫారంతో నా అసలు గొడవ. ఇది పెద్ద రిపోర్టుకి తోడుగా వెళ్లేందుకు పుట్టింది, అందుకని క్లయింట్ ఎవరు, దేనికి వాడుకుంటారు, ఇల్లు చూశామా లేదా, మార్కెట్ అద్దె అంటే అర్థమేమిటి, ఇవేవీ ఇందులో ఉండవు. ప్రమాణ పత్రం కూడా లేదు. మార్కెట్ అద్దె చెప్పడం కూడా అప్రైజలే కాబట్టి యూస్‌పాప్ అనే అప్రైజర్ల వృత్తి నియమాలన్నీ వర్తిస్తాయి. మొదట్లో నేను ఒక న్యాయవాదికి ఈ ఒక్క పేజీనే పంపేశాను. అవతలి లాయర్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మీరు ఇల్లు లోపల చూశారా?" అని. చూశాను, కానీ ఆ మాట ఎక్కడా రాయలేదు. చాలా ఇబ్బంది పడ్డాను.

అప్పటినుంచి పట్టిక ముందు ఈ వివరాలన్నీ రాసిన రెండు పేజీలు, వెనక ఫొటోలు, మ్యాపు, సంతకంతో ప్రమాణ పత్రం కలిపి పంపుతున్నాను. లోపలికి వెళ్లకుండా ఓనర్ ఇచ్చిన ఫొటోల మీదే ఆధారపడితే, ఆ పరిస్థితి నిజమని ఊహించుకున్నామని స్పష్టంగా రాస్తాను. ఏ ఏజెంట్ ఏ రోజు ఏం చెప్పాడో వర్క్‌ఫైల్‌లో, అంటే ఆ పని ఆధారాలన్నీ దాచే ఫైల్‌లో, పెడతాను. దాన్ని అయిదేళ్లు దాచాలి, కోర్టు కేసుంటే ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మూడు పోలికలు ఎప్పుడూ చాలవు, రెండో పేజీ పెట్టి అయిదారు చూపిస్తాను.

పట్టికగా దీనికి 5కి 4 ఇస్తాను. ఒంటరిగా పంపే రిపోర్టుగా అయితే 2, అదీ దయతలిచి.

తమ్ముడి ఇంటికి 2,650 తేలింది. నంబర్ చూసి ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడితో మా అమ్మ చేత చెప్పిస్తాలే అన్నా" అని ఫోన్ పెట్టేశాడు.