నిత్య ప్రయాణంలో కుటుంబం: గదిలో వంటా, హోటల్ భోజనమా?

వారం రోజుల విహారయాత్రలో హోటల్ భోజనం ముచ్చటగానే ఉంటుంది. పిల్లలతో నెలల తరబడి ఊరూరా తిరిగేవారికి మాత్రం అది ఒంటికి పడదు. నూనె, ఉప్పు మన చేతిలో ఉండవు. పెద్దలకు రోజుకు ఉప్పు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఊరగాయ, అప్పడం, సాంబారు ఉన్న భోజనంలో ఆ హద్దు సులువుగా దాటిపోతుంది.

గదిలో వంటకు ఇండక్షన్ పొయ్యి, చిన్న ప్రెషర్ కుక్కర్ చాలు. పెసరపప్పు కిచిడీలో క్యారెట్, పాలకూర వేస్తే పూట గడుస్తుంది. కుక్కర్ విలువ లేహ్‌లో తెలుస్తుంది. సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ ఊళ్లో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతకీ ఉడకదు. పొయ్యి వాడే ముందు గది యజమానిని అడగాలి. ఫ్రిజ్ లేకపోతే ఏ పూటకు ఆ పూటే వండాలి. రాత్రంతా బయట ఉన్న అన్నం పిల్లలకు పెట్టకూడదు.

హోటల్ వల్ల మిగిలేది సమయం. వంటా, గిన్నెలు తోమడమూ అమ్మ ఒక్కరి మీదే పడితే ఆమెకు నడకకు తీరిక ఎక్కడిది? పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలి, పిల్లలకు రోజుకు 60 నిమిషాలు. ప్రయాణం చేసే రోజున ఇడ్లీ, పెరుగన్నం దొరికే హోటలే మేలు.

ఒకే ఊళ్లో పది రోజులు ఆగితే నా ఓటు వంటకే. నాన్న కూరగాయలు తరగాలి, పిల్లలు గిన్నెలు తుడవాలి, సంతకు అందరూ నడిచే వెళ్లాలి.