ముందు జాక్‌లను సౌండ్ కార్డుకు కలిపి కొన్నేళ్లు వాడాక

క్యాబినెట్ ముందుభాగంలో ఉండే హెడ్‌ఫోన్, మైక్ జాక్‌లను మదర్‌బోర్డు నుంచి తీసేసి, విడిగా కొన్న సౌండ్ కార్డుకు కలుపుకోవడం వల్ల ప్రయోజనం ఉందా? కొన్నేళ్లుగా రోజూ వాడుతున్న మనిషిగా నా తీర్పు ముందే చెప్పేస్తాను. హెడ్‌ఫోన్‌కు కచ్చితంగా ఉంది. మైకుకు అంతగా లేదు. ఇంకో మాట, ఈ పని బాగా కుదిరిందా లేదా అన్నది కార్డు ఎంత ఖరీదైనదన్న దాని మీద ఆధారపడదు. జాక్‌లో ఏదైనా గుచ్చిన సంగతి కార్డుకు చెప్పే సెన్స్ వైర్లు సరిగ్గా కలిశాయా, కరెంటు తిరిగి వెళ్లే ఉమ్మడి దారి అయిన గ్రౌండ్ శుభ్రంగా ఉందా అన్న రెండు విషయాలే దాన్ని తేలుస్తాయి.

సౌండ్ కార్డు కొన్నవాళ్లలో చాలామంది స్పీకర్లను వెనక గుచ్చి, హెడ్‌ఫోన్‌ను మాత్రం అలవాటుగా ముందు గుచ్చుతారు. ముందు జాక్ ఇంకా మదర్‌బోర్డుకే కలిసి ఉంటుంది కాబట్టి, డబ్బు పోసి కొన్న కార్డు శబ్దం వాళ్ల చెవి దాకా రానే రాదు. అందుకే కార్డు కొనేముందు చూడాల్సింది దాని మీద పది పిన్నుల ముందు ప్యానెల్ హెడర్ (ముందు జాక్‌ల వైరు గుచ్చే పిన్నుల గుంపు) ఉందా, ఆ హెడర్‌కు హెడ్‌ఫోన్ యాంప్ (శబ్దపు బలాన్ని పెంచే భాగం) కలిసి ఉందా అని. కొన్ని కార్డుల్లో అసలు హెడర్ ఉండదు. పాత సౌండ్ బ్లాస్టర్ లైవ్, ఆడిజీ కార్డుల్లో కొన్నిటికి 40 పిన్నుల పెద్ద హెడర్ ఉండేది. అది ఆ కంపెనీ సొంత డ్రైవ్ పెట్టె (క్యాబినెట్ ముందు బిగించే జాక్‌ల పెట్టె) కోసం పెట్టింది, మామూలు క్యాబినెట్ వైరు అందులోకి నేరుగా పోదు.

ఇక హెడర్‌లో గుచ్చే క్యాబినెట్ వైరు ప్లగ్ సంగతి. ఐదేసి పిన్నులు రెండు వరసలు, పిన్నుకు పిన్నుకు మధ్య 2.54 మి.మీ. దూరం. ఆడియో హెడర్‌లో 8వ పిన్ను ఉండదు, ఆ చోట ప్లగ్‌లో రంధ్రం మూసి ఉంటుంది. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉండే యూఎస్‌బీ 2.0 హెడర్‌లో 9వ పిన్ను ఉండదు, సీరియల్ పోర్ట్ హెడర్‌లో 10వది ఉండదు. మూసిన రంధ్రం ఉన్న ప్లగ్ తప్పు చోట దిగదు కాబట్టి టెన్షన్ లేదు. పాత క్యాబినెట్లలో ఒక్కో వైరుకు ఒక్కో చిన్న తల ఉంటుంది. అక్కడ ఏ రక్షణా లేదు, ఎక్కడైనా దిగిపోతుంది. యూఎస్‌బీ హెడర్ మొదటి రెండు పిన్నుల్లో 5 వోల్టులు ఉంటాయని గుర్తుంచుకుంటే జాగ్రత్త దానంతట అదే వస్తుంది.

చాలా క్యాబినెట్లలో ఒకే వైరు చివర రెండు ప్లగ్‌లు ఉంటాయి. ఒకదాని మీద హెచ్‌డీ ఆడియో అని, రెండోదాని మీద ఏసీ'97 అని రాసి ఉంటుంది. ఏసీ'97 అన్నది 1997లో ఇంటెల్ తెచ్చిన పద్ధతి, హెచ్‌డీ ఆడియో 2004లో దాని స్థానంలోకి వచ్చింది. రెండింటికీ ప్లగ్ ఆకారం ఒక్కటే, కానీ లోపల పిన్నుల పని వేరు. రెండింట్లోనూ 5వ పిన్ను కుడి చెవికి, 9వ పిన్ను ఎడమ చెవికి, 2వ పిన్ను గ్రౌండ్‌కు. అంతవరకు గొడవ లేదు. గొడవంతా 4, 6, 7, 10 పిన్నుల దగ్గర.

ముందు 4వ పిన్ను. ఏసీ'97 హెడర్‌లో అది 5 వోల్టుల సరఫరా. హెచ్‌డీ పద్ధతిలో అదే పిన్ను 'హెచ్‌డీ ప్యానెల్ తగిలించారు' అని బోర్డుకు చెప్పడానికి, ప్యానెల్ వైపు దాన్ని గ్రౌండ్‌కు కలిపేస్తారు. అంటే హెచ్‌డీ ప్లగ్‌ను తీసుకెళ్లి ఏసీ'97 కాలం నాటి పాత సౌండ్ కార్డులో గుచ్చితే 5 వోల్టులు నేరుగా గ్రౌండ్‌కు షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. చాలా క్యాబినెట్లలో 4వ రంధ్రంలో వైరే ఉండదు, అది అదృష్టం. ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి, ప్లగ్ 2వ రంధ్రంలో ఒక మొన, 4వ రంధ్రంలో ఒక మొన పెట్టండి. బీప్ వచ్చిందా, ఆ ప్లగ్‌ను పాత కార్డు దగ్గరికి తీసుకెళ్లకండి.

ఇప్పుడు సెన్స్ వైర్లు. ఈ ఏర్పాటు మీద నాకున్న ఇష్టమంతా ఇవి పనిచేసే తీరు వల్లే, జనం విసిగిపోయి వదిలేసేదీ వీటి వల్లే. ఏసీ'97లో ఏం జరిగేదంటే, శబ్దం 5, 9 పిన్నుల గుండా ముందు జాక్‌కు వెళ్లి, జాక్ లోపలి స్విచ్ దాటి, 6, 10 పిన్నుల గుండా వెనక్కి తిరిగొచ్చి వెనక స్పీకర్లకు చేరేది. హెడ్‌ఫోన్ గుచ్చగానే స్విచ్ తెగి స్పీకర్లు ఆగేవి. అందుకే ముందు ప్యానెల్ లేని క్యాబినెట్లో 5కు 6, 9కి 10 కలుపుతూ రెండు జంపర్లు (రెండు పిన్నులను కలిపే చిన్న మూతలు) పెట్టాల్సి వచ్చేది, లేకపోతే వెనక శబ్దమే రాదు. మరమ్మతుకు వచ్చిన పాత సిస్టమ్‌లో స్పీకర్లు మూగబోతే నేను ఇప్పటికీ మొదట చూసేది ఆ జంపర్లు ఉన్నాయా అనే.

హెచ్‌డీ పద్ధతిలో శబ్దం వెనక్కి తిరిగి రాదు. జాక్ లోపల ఆడియో స్పర్శలకు సంబంధం లేని వేరే స్విచ్ ఒకటి ఉంటుంది. 7వ పిన్ను నుంచి వెళ్లే వైరు రెండు జాక్‌ల స్విచ్‌లకూ చేరుతుంది. మైక్ గుచ్చితే 6వ పిన్ను గుండా, హెడ్‌ఫోన్ గుచ్చితే 10వ పిన్ను గుండా ఆ దారి మూసుకుంటుంది. ఒక్కో దారికి ఒక్కో విలువ నిరోధకం ఉంటుంది, సాధారణంగా 39.2 కిలో ఓమ్‌లు, 20 కిలో ఓమ్‌ల జత వాడతారు. ఎంత నిరోధం కనిపించిందో కొలిచి, ఏ జాక్‌లో ఏదో గుచ్చారని చిప్ గ్రహిస్తుంది. ఎంత చక్కటి ఆలోచన! ఒక్క వైరు పంపి, రెండు జాక్‌ల కబురు తెప్పించుకుంటుంది.

ఈ లెక్క తెలిస్తే 'ముందు జాక్ పనిచేయట్లేదు' అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం అర్థమవుతుంది. ఏసీ'97 ప్లగ్‌ను హెచ్‌డీ హెడర్‌లో గుచ్చితే శబ్దం వచ్చే దారి ఉంటుంది, కానీ గుచ్చిన సంగతి కార్డుకు తెలియదు. కార్డు మాత్రం గుచ్చలేదనే నమ్ముతూ శబ్దాన్ని వెనక స్పీకర్లకే పంపిస్తూ ఉంటుంది. అలాంటప్పుడు డ్రైవర్‌లో ముందు ప్యానెల్ గుర్తింపును ఆపేసే ఆప్షన్ కోసం చూడాలి. మదర్‌బోర్డు ఆడియోకు రియల్‌టెక్ ప్యానెల్లో ఆ ఆప్షన్ ఎన్నాళ్లుగానో ఉంది. సౌండ్ కార్డుల్లో కొన్నిటికి ముందు హెడ్‌ఫోన్ అని చేత్తో ఎంచుకునే మెనూ ఉంటుంది. ఎంచుకోగానే కార్డు మీది రిలే (శబ్దాన్ని దారి మళ్లించే స్విచ్) 'టిక్' అంటుంది. ఆ టిక్ వినిపిస్తే డ్రైవర్ తన పని చేసిందని, తేడా ఉంటే వైర్లలో ఉందని నేను లెక్క వేస్తాను.

విడివిడి తలలున్న పాత క్యాబినెట్‌ను హెచ్‌డీ హెడరున్న కార్డుకు కలిపేటప్పుడు మైక్ వైరు 1కి, మైక్ పవర్ వైరు 3కు, గ్రౌండ్ 2కు, కుడి 5కు, ఎడమ 9కి వెళ్తాయి. తిరిగొచ్చే కుడి, ఎడమ వైర్లను దేనికీ కలపకూడదు. కలిపితే ఏమీ గుచ్చనప్పుడు శబ్దపు సంకేతం సెన్స్ పిన్నుల్లోకి దూరి గుర్తింపు పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. ఆ రెండు తలలకూ ఇన్సులేషన్ టేపు చుట్టి పక్కకు కట్టేయడమే. అన్నీ ఒకే ప్లగ్‌లో ఉండి అమరిక మార్చాల్సి వస్తే, ప్లగ్ పక్కనున్న చిన్న ప్లాస్టిక్ నాలుకను సన్నటి సూదితో కొద్దిగా పైకెత్తి వైరును మెల్లగా లాగితే లోహపు తల బయటికి వచ్చేస్తుంది. మళ్లీ వేరే రంధ్రంలో తోస్తే 'టప్' మని కూర్చుంటుంది. వైరు రంగులను నమ్మొద్దు, ఒక్కో తయారీదారు ఒక్కో రంగు వాడతాడు. 3.5 మి.మీ. ప్లగ్ ఒకటి జాక్‌లో గుచ్చి, దాని కొస ఎడమ, మధ్య పట్టీ కుడి, మొదలు గ్రౌండ్ అన్న లెక్కతో మల్టీమీటర్ పెట్టి చూసుకుంటే ఏ వైరు ఏదో తేలిపోతుంది.

గ్రౌండ్ సంగతి మీద కాస్త నిలబడాలి. నా క్యాబినెట్లో ముందు యూఎస్‌బీ పోర్టులు, ఆడియో జాక్‌లు ఒకే చిన్న బోర్డు మీద ఉన్నాయి. మౌస్ కదిలించినప్పుడల్లా హెడ్‌ఫోన్లో సన్నగా గీ మని ఒక శబ్దం, గేమ్ మొదలవగానే దాని స్థాయి మారడం. దీనికి సౌండ్ కార్డును తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. యూఎస్‌బీ కరెంటు తిరిగి వెళ్లే దారీ, ఆడియో గ్రౌండూ ఆ చిన్న బోర్డు మీద కలిసిపోతే, యూఎస్‌బీ సందడి అంతా హెడ్‌ఫోన్లోకి వస్తుంది. పరీక్ష సులువు. సిస్టమ్ ఆపి, ముందు యూఎస్‌బీ వైరును మదర్‌బోర్డు నుంచి పీకేసి మళ్లీ వినండి. శబ్దం పోయిందంటే దోషం ఆ బోర్డుదే. నా దగ్గర అలాగే తేలింది. జాక్‌లకు మాత్రమే వేరే చిన్న బోర్డు వేయించాక, జాక్ లోహపు అంచు క్యాబినెట్ రేకుకు తగలకుండా మధ్యలో ప్లాస్టిక్ వాషర్ పెట్టాక, వెనక జాక్‌కూ ముందు జాక్‌కూ తేడా చెప్పలేనంత నిశ్శబ్దం వచ్చింది. రాత్రి పూట తక్కువ వాల్యూమ్‌లో వీణ వింటే ఆ నిశ్శబ్దం విలువ తెలుస్తుంది.

వైరు నడిపే దారి కూడా ముఖ్యమే. మదర్‌బోర్డు ఆడియో హెడర్ ఎక్కువగా కింద ఎడమ మూల ఉంటుంది కాబట్టి క్యాబినెట్ వైరు అక్కడిదాకా వచ్చేలా కోస్తారు. సౌండ్ కార్డు మీది హెడర్ దానికంటే ఎత్తులోనో లోపలి అంచులోనో ఉంటుంది, అప్పుడు పొడిగింపు వైరు తప్పదు. పైన రేకు చుట్టున్న షీల్డెడ్ వైరే తీసుకోండి, ఆ షీల్డ్‌ను కార్డు వైపు ఒక్క చివరే గ్రౌండ్‌కు కలపండి. గ్రాఫిక్స్ కార్డు మీదుగా వేలాడదీయకుండా మదర్‌బోర్డు ట్రే వెనక నుంచి తెచ్చి, కార్డు దగ్గర మాత్రమే బయటికి తీయండి.

డ్రైవర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. విండోస్‌లో పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు ముందు హెడ్‌ఫోన్ ఎంపిక పోయి మళ్లీ స్పీకర్లకు వెళ్లడం చాలాసార్లు చూశాను, మళ్లీ పెట్టుకుంటే సరి. మదర్‌బోర్డు ఆడియోను బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ఆపేస్తే రెండు పరికరాల మధ్య గందరగోళం తగ్గుతుంది. లైనక్స్‌లో ఆల్సామిక్సర్ (శబ్దం సర్దుబాటు చేసే ప్రోగ్రామ్) తెరిచి, ఆటో మ్యూట్ (హెడ్‌ఫోన్ గుచ్చగానే స్పీకర్లను ఆపేది) ఉంటే దాన్ని, అవుట్‌పుట్ ఎంపిక ఉంటే దాన్ని ఒకసారి చూసుకోవాలి.

మైక్ విషయంలో మాత్రం తృప్తి లేదు. హెడ్‌ఫోన్‌కు వెళ్లే సంకేతం వోల్టు దరిదాపుల్లో ఉంటే, మైక్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. అంత బలహీనమైన సంకేతం క్యాబినెట్ పొడవునా ప్రయాణించి కార్డు చేరేసరికి దారిలోని సొద అంతా అంటుకుంటుంది, తర్వాత కార్డు దాన్ని మాటతో పాటే పెంచేస్తుంది. పైగా ఈ చిన్న మైకులకు కార్డే 2 నుంచి 5 వోల్టుల మధ్య బయాస్ (మైక్ పనిచేయడానికి కావాల్సిన చిన్న వోల్టేజీ) అందించాలి, ఆ వోల్టేజీలో కలిసే అలజడి కూడా వినబడుతుంది. గ్రౌండ్ బాగు చేశాక కూడా ముందు జాక్ నుంచి రికార్డు చేసిన గొంతు వెనక సన్నటి బుస ఉండనే ఉంది. మాట్లాడుకోవడానికి చాలు, రికార్డింగ్‌కు చాలదు. రికార్డింగ్ చేసేవాళ్లు యూఎస్‌బీ మైక్ తీసుకోవడమే మేలు.

ఒకే జాక్‌లో హెడ్‌ఫోన్, మైక్ రెండూ ఉండే ఫోన్ హెడ్‌సెట్ వాడేవాళ్లకు విడగొట్టే చిన్న వైరు కావాలి, ఎందుకంటే రెండు జాక్‌ల ప్యానెల్లో నాలుగు పట్టీల ప్లగ్ గుచ్చితే మైక్ పనిచేయదు. ఇదంతా వద్దనుకుంటే కార్డు వెనక జాక్ నుంచి బల్ల మీదికి మంచి 3.5 మి.మీ. పొడిగింపు వైరు వేసుకోవడం నిజాయితీగల ప్రత్యామ్నాయం. క్యాబినెట్ తెరవడం ఇష్టం లేనివాళ్లకు నేను అదే చెబుతాను.

ఏళ్ల తరబడి వాడకంలో ముందుగా అరిగిపోయేది కార్డు కాదు, జాక్. రోజూ గుచ్చి తీయడంతో లోపలి స్ప్రింగ్ పట్టు వదులై ఒక చెవిలో శబ్దం రాకపోవడం మొదలవుతుంది, ప్లగ్ కాస్త తిప్పితే మళ్లీ వస్తుంది. మొదట కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి ప్లగ్‌ను పదే పదే గుచ్చి తీయండి, తుప్పు పొర అయితే అంతటితో పోతుంది. స్ప్రింగే అలిసిపోతే జాక్ మార్చాలి. కొత్తది కొనేటప్పుడు లోపల సెన్స్ కోసం ఆడియోతో సంబంధం లేని స్విచ్ ఉన్న రకమేనా అని చూసుకోండి. మామూలు మూడు కాళ్ల జాక్ వేస్తే శబ్దం వచ్చే దారి ఉంటుంది, కానీ హెడ్‌ఫోన్ గుచ్చిన సంగతి కార్డుకు తెలియక స్పీకర్లు ఆగవు.