కవర్లో పనసపొట్టు కూర: మా బజారు కర్రీస్ పాయింటు గురించి

కోనసీమలోని మా పట్టణంలో, కాలువ వంతెన దిగగానే కుడిచేతి వైపున్న కర్రీస్ పాయింటు నాకు ఆరేళ్లుగా తెలిసినదే. 2020 జూన్ నుంచి మాత్రం వారానికి కనీసం మూడు రోజులు అక్కడి నుంచే కూరలు తెచ్చుకుంటున్నాం, కరోనా వచ్చి ఇంట్లో పడుకున్న పది రోజులూ రెండు పూటలా వాళ్ల భోజనమే తిన్నాం. కాబట్టి ఒకసారి వెళ్లి వచ్చి రాస్తున్న అభిప్రాయం కాదిది. దుకాణం పేరు రాయకపోవడానికి కారణం మొహమాటం కాదు. నేను చెప్పబోయే లోపం, అంటే అన్నిటినీ ప్లాస్టిక్ కవర్లలో కట్టడం, ఆ ఒక్కరిదే కాదని, చుట్టుపక్కల ఊళ్లలో నేను చూసిన కర్రీస్ పాయింట్లన్నిటిలోనూ అదే పద్ధతి నడుస్తోందని తెలుసు కనుక, ఒక్కరి పేరు పెట్టి నిలదీయడం న్యాయమనిపించలేదు.

ముందు వంట సంగతి చెప్పాలి. పనసపొట్టు కూర ఆదివారం మాత్రమే చేస్తారు. పొట్టు మిషనులో వేసినది కాక కత్తితో కొట్టినది కావడం వల్ల నమిలేటప్పుడు పంటికి తగులుతుంది, ఆవముద్ద కూర దింపిన తరువాతే కలుపుతారు కాబట్టి చేదెక్కదు. ఇంట్లో పొట్టు కొట్టుకునే ఓపిక లేని మాలాంటి వాళ్లకు ఆ ఒక్క కూర కోసమైనా ఈ దుకాణం ఉండాలి. కంద బచ్చలి కూర తిని గొంతు దురద పెట్టిన రోజు 2020 జూన్ నుంచి రెండేళ్లలో ఒక్కటీ లేదు. పప్పు మాత్రం పల్చన, ఒంటిగంట దాటాక వెళితే మరీ పల్చన. సాంబారులో బెల్లం ఎక్కువ వేస్తారు, మా జిల్లాలో దాన్ని ఎవరూ లోపమనరని తెలిసినా నాకు నచ్చదు కనుక రాస్తున్నాను. వేపుళ్లు నూనె ఓడుతుంటాయి. కూర కవరు 2020లో ముప్పై రూపాయలుండేది, 2022కి నలభై అయింది. నూనె ధర పెరిగిన తీరు చూస్తే అదేమీ అన్యాయం కాదు.

లాక్‌డౌన్‌కు ముందు ఈ దుకాణం ముందు నిలబడేవాళ్లలో చాలామంది చేతిలో స్టీలు గిన్నో క్యారేజీయో ఉండేది, పులుసులు కొనేవాళ్లయితే తప్పనిసరిగా తెచ్చుకునేవారు. 2020 జూన్ 8 నుంచి హోటళ్లు తెరుచుకోవచ్చని కేంద్రం అనుమతించింది. అంతకు నాలుగు రోజుల ముందు ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఇచ్చిన సూచనల్లో, కూర్చోబెట్టి వడ్డించడం కన్నా పార్సిళ్లను ప్రోత్సహించమని, గుడ్డ న్యాప్కిన్ల బదులు వాడి పారేసే కాగితపు న్యాప్కిన్లు పెట్టమని ఉంది. ఆ వారంలోనే నేను ఎప్పటిలాగే గిన్నె పట్టుకుని వెళితే యజమాని రెండడుగులు వెనక్కి జరిగి, "రోజులు బాలేదండి మాస్టారూ, మీ గిన్నె మేం ముట్టుకుంటే మీకూ మంచిది కాదు, మాకూ మంచిది కాదండి" అన్నారు. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. అయితే అదే నిమిషంలో ఆయన కొక్కేనికి వేలాడుతున్న కట్టలోంచి ఒక కవరు లాగి, అంటుకుపోయిన మూతి ఎంత నలిపినా విడకపోవడంతో, మాస్కును గడ్డం కిందికి దించి, ఉఫ్ మని లోపలికి ఊది, అది బుడగలా విచ్చుకున్నాక అందులో రెండు గరిటెల మజ్జిగ పులుసు పోసి, దారంతో నాలుగు చుట్లు చుట్టి నా చేతిలో పెట్టారు. పులుసు వేడికి కవరు మెత్తబడి అరచేతికి అతుక్కుంటోంది. నేను డబ్బులిచ్చి ఇంటికి వచ్చాను. ఆ పులుసు మరగబెట్టుకుని తిన్నాం.

ప్లాస్టిక్‌ను ఆ రోజుల్లో అందరం శుభ్రతకు గుర్తుగా తీసుకున్నాం. అమెరికా శాస్త్రవేత్తలు 2020 మార్చిలో ప్రచురించిన ప్రయోగ ఫలితాల్లో, కరోనా వైరస్ ప్లాస్టిక్ మీద 72 గంటల వరకు, స్టీలు మీద 48 గంటల వరకు, అట్ట మీద 24 గంటల వరకు, రాగి మీద 4 గంటల వరకు సజీవంగా కనిపించింది. అంటే ఆయన వద్దన్న నా గిన్నె కన్నా ఆయన ఇచ్చిన కవరు ఏ విధంగానూ మేలైనది కాదు, ఆ లెక్కన మా నాయనమ్మ రాగి చెంబు పట్టుకెళ్లి ఉండాల్సింది. ఆ తరువాత 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, వస్తువులను తాకడం వల్ల ఈ వ్యాధి సోకే అవకాశం సాధారణంగా పదివేలల్లో ఒకటి కన్నా తక్కువని తేల్చింది. 2020 జూన్‌లో ఇవేవీ తెలియని దుకాణదారును నేను తప్పు పట్టను. రెండు నెలలు పొయ్యి వెలిగించక, పనివాళ్లను ఇళ్లకు పంపించి, అప్పు చేసి మళ్లీ తెరిచిన మనిషి ఆయన. నా అభ్యంతరమల్లా, భయం తగ్గిన తరువాత కూడా కవరు ఎందుకు మిగిలిపోయిందన్నదే.

2021 మే నెలలో మా ఇద్దరికీ జ్వరం వచ్చింది. ఇంట్లోనే ఉండి కోలుకున్న ఆ పది రోజులూ ఈ దుకాణం వాళ్లు చేసిన సేవకు వంక పెట్టడానికి లేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు, రాత్రి ఏడున్నరకు కుర్రాడు గేటుకు సంచి తగిలించి, ఫోను చేసి, మేం బయటికి వచ్చేదాకా రోడ్డు అవతల నిలబడి చూసి వెళ్లేవాడు. ఉప్పూ కారమూ తగ్గించమంటే తగ్గించారు. అయితే ఒక్కొక్కరి భోజనం విడిగా కట్టేవారు. అన్నానికి వెండిపూత కవరు, పప్పుకొకటి, కూరకొకటి, పచ్చడికొకటి, పులుసుకొకటి, పెరుగుకొకటి, వీటికి తోడు ఒక ప్లాస్టిక్ చెంచా, అన్నిటినీ వేసిన చేతిసంచి. మొత్తం ఎనిమిది. ఇద్దరికీ రెండు పూటలా పది రోజులంటే 40 భోజనాలు, 320 ప్లాస్టిక్ ముక్కలు. నేను ఈ లెక్క తరువాత కూర్చుని వేసినది కాదు, మంచం మీద పడుకుని తోచక నా భార్య రోజూ గోడ కేలండరులో రాస్తూ వచ్చింది. రుచీ వాసనా తెలియని ఆ రోజుల్లో పప్పేదో సాంబారేదో కవరు రంగును బట్టి కనుక్కున్నాం.

ఆ చెత్తను ఏం చేయాలన్నది ఇంకో సమస్య. మాస్కుల గురించి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే స్పష్టంగా చెప్పింది. వ్యాధి లేని ఇళ్లవాళ్లు వాడిన మాస్కును కాగితపు సంచిలో కనీసం 72 గంటలు ఉంచి, మళ్లీ ఎవరూ వాడకుండా కత్తిరించి పారేయాలి, వ్యాధి ఉన్న ఇంటి మాస్కులూ చేతి తొడుగులూ పసుపు సంచిలో విడిగా వెళ్లాలి. పులుసు కారే కూర కవర్ల గతేమిటో మాకు అర్థం కాలేదు. కోలుకున్నాక మొదటిసారి మేం బయటపెట్టిన రెండు బస్తాలను చూసి, మా వీధి చెత్త బండి అమ్మాయి అన్నమాట ఇప్పటికీ గుర్తుంది. "బాబు గారండీ, ముడి విప్పి, ఓసారి కడిగి ఇవ్వండి. ముడేసినవి ఎవ్వరూ కొనరండి, లోపల కుళ్లిపోతాయి." ఆమె ఒక కవరు ఎత్తి చూపించింది. దారం ముడి దుకాణంలో వేసినది వేసినట్టే ఉంది, కింది మూల మాత్రం కత్తెరతో కోసి ఉంది. మేమే కాదు, అందరం అలాగే చేస్తాం, నాలుగు చుట్ల దారాన్ని విప్పే ఓపిక ఎవరికుంటుంది? మూల కోసి గిన్నెలోకి పిండుకుంటాం. మిగిలిన నూనే జిడ్డూ లోపలే ఉండిపోతాయి కాబట్టి పాత సామాన్లు కొనేవాడు ఆ కవర్లను వేలితో కూడా ముట్టుకోడు. వాటర్ బాటిల్‌కు ధర ఉంది, పాల ప్యాకెట్టుకు ధర ఉంది, కూర కవరుకు లేదు.

దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారని డెల్టాలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2022 మే నెలలో వంతెన మీద ఆగి కిందికి చూస్తే, ఎండి బీటలు వారిన ఒండ్రులో, గుర్రపుడెక్క కాడల మధ్య, లేత నీలం మాస్కులూ మూల కోసి దారం ముడి అలాగే ఉన్న కవర్లూ కలిసి కనిపించాయి. అవన్నీ ఈ దుకాణానివని నేను అనడం లేదు, కవరు మీద ఎవరి పేరూ ఉండదు. కానీ బొబ్బర్లంక దగ్గర గోదావరి నుంచి మొదలయ్యే ఈ కాలువల నీళ్లతోనే పొలాలూ తడుస్తాయి, వేసవికి మంచినీటి చెరువులూ నిండుతాయి. 2022 జులైలో గోదావరికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చి తగ్గాక మా మేనత్త గారి లంకకు వెళ్లాను. అరటి తోట కంచెకు నీళ్లు నిలిచిన ఎత్తు వరకు ఎక్కడెక్కడి కవర్లో చిక్కుకుని వేలాడుతున్నాయి. ఆవిడ వాటిని కర్రతో ఒక్కొక్కటీ లాగుతూ, "నీ ఊరివేనేమోరా చూడు" అంది.

2022 జులై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్ట్రాల వంటివి నిషేధించారు. అంతకు ముందే, 2021 సెప్టెంబరు 30 నుంచి, చేతిసంచి మందం 75 మైక్రాన్లకు తగ్గకూడదన్నారు, 2022 డిసెంబరు 31 నుంచి అది 120 అయింది. మా దుకాణం వాళ్లు నిబంధన పాటించారు. ప్లాస్టిక్ చెంచా పోయి చెక్క చెంచా వచ్చింది, కాకపోతే ఆ చెక్క చెంచా పల్చటి ప్లాస్టిక్ తొడుగులో వస్తోంది. పాత చేతిసంచి పోయి, పచ్చ రంగులో గుడ్డలా కనిపించే సంచి వచ్చింది. అది నూలు గుడ్డ కాదు, సర్జికల్ మాస్కును తయారు చేసే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కే. నాలుగు వాడకాలకు కుట్ల దగ్గర విడిపోయి దూదిలా రాలుతుంది. లోపలి కూర కవర్లు యథాతథం. ఎనిమిదింటిలో మారినవి రెండు, ఆ రెండూ మారినట్టు కనిపించడమే ఎక్కువ.

గిన్నె మళ్లీ తెచ్చుకోవచ్చా అని 2022 జులై మొదట్లో అడిగాను. యజమాని ఈసారి కరోనా ఊసెత్తలేదు. "అలవాటు తప్పిపోయిందండి. గిన్నెలో పోస్తే కొలత తెలియదు, ఒకరికి ఎక్కువ పోశానని ఇంకొకరు పేచీ పెడతారండి" అన్నారు. కొంచెంసేపు నిలబడి గమనించాక సంగతి అర్థమైంది. ఉదయం పదకొండుకల్లా వంద కవర్లు కట్టి వరుసగా పేర్చేస్తారు, కొనేవాడు వచ్చి వేలుపెట్టి చూపిస్తాడు, డబ్బులిస్తాడు, వెళ్లిపోతాడు. కవరు ఇప్పుడు పాత్ర మాత్రమే కాదు, కొలత కూడా. గరిటె పట్టుకుని నిలబడే మనిషి అవసరం లేకుండా పోయాడు. ఇదివరకు ఇద్దరు కుర్రాళ్లు ఉండేచోట ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు. మహమ్మారి పేరుతో వచ్చిన కవరు జీతం మిగిల్చినందుకు నిలబడిపోయింది.

కొలత లేకపోవడం అంత పెద్ద సమస్యా అంటే, మా వీధిలో పాలు పోసే ఆవిడ కరోనా రెండు విడతల్లోనూ తన లీటరు కొలత ఎత్తి పట్టుకుని, మా తపేలాకు తగలకుండా పోసి వెళ్లింది. అంబాజీపేట వైపు పొట్టిక్కలు తిన్నవాళ్లకు తెలుసు, పనసాకులను పుల్లలతో కుట్టిన బుట్టలోనే ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు, ఆ బుట్టతోనే చేతిలో పెడతారు. తిన్నాక పారేస్తే మేక తింటుంది. ఆకులో పులుసు కట్టలేరన్నది నిజమే, అరటాకు సరఫరాకూ శుభ్రం చేయడానికీ ఖర్చుందన్నదీ నిజమే. కానీ వేపుడుకూ, ముద్దకూరకూ, పచ్చడికీ ఆ ఇబ్బంది లేదు, అరటి తోటల మధ్య ఉన్న ఊళ్లో ఆకు దొరకదంటే ఎవరూ నమ్మరు.

ఇక రేటింగు. వంటకు ఐదుకు నాలుగు, కరోనా రోజుల్లో సమయానికి అందించినందుకు ఐదుకు ఐదు, కట్టే తీరుకు ఐదుకు ఒకటి. ఆ ఒకటి కూడా నెల రోజుల కిందట సున్నాగా ఉండేది. కవర్లు కట్టకముందే, పదిన్నరలోపు వెళ్లి, ఎదురుగా గుంపు లేనప్పుడు అడిగితే, కుర్రాడు క్యారేజీలో పోస్తున్నాడు. కూరకు రెండు గరిటెలు, పులుసుకు మూడు, ధర కవరుకున్నదే. నేను ఆరుసార్లు వెళితే నాలుగుసార్లు పోశాడు, రెండుసార్లు "కట్టేశామండి" అన్నాడు. నాలుగు గిన్నెల క్యారేజీ అయితే పచ్చడికి చోటు ఉండదు కాబట్టి మూత బిగిసే చిన్న సీసా వెంట తీసుకెళ్లండి. పనసపొట్టు కూర కోసమైతే ఆదివారం తొమ్మిదిన్నరలోపే వెళ్లడం మంచిది, ఆ రోజు కవర్లు తొమ్మిదిన్నర నుంచే కట్టడం మొదలుపెడతారు.