లిచెస్: కొత్తగా చెస్ ఆడేవాళ్లకి

లిచెస్ ఆన్‌లైన్‌లో చెస్ ఆడుకునే సైట్. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలూ లేవు. స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్‌తో 8 స్థాయిల్లో ఆడొచ్చు. కానీ కింది స్థాయిల్లో అది మనిషిలా ఓడిపోదు. గట్టి ఎత్తులు వేస్తూ వేస్తూ, ఉన్నట్టుండి మంత్రిని ఊరికే ఇచ్చేస్తుంది. అలా గెలిస్తే ఏం నేర్చుకుంటాం? మనుషుల ఆటలతో శిక్షణ ఇచ్చిన మైయా బాట్‌లే నాకు నచ్చాయి. వాటి తప్పులు అచ్చం మనవే.

అసలు లాభం ఆట అయ్యాకే. విశ్లేషణలో, మనం పొరపాటు చేసిన చోట ఆపి సరైన ఎత్తుని మనల్నే వెతకమంటుంది. గుర్రం ఒకేసారి రాజునీ ఏనుగునీ పట్టుకునే ఎత్తులు నా కంటికి ఆనడం మొదలైంది ఇక్కడే. ఎవరిది పైచేయో చూపే +0.4, -0.3 లాంటి అంకెలు చూసి మాత్రం టెన్షన్ పడొద్దు. బంటులో సగం కూడా లేని తేడా అది, మన ఆటలో లెక్కలోకి రాదు.