ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్ ప్రీమియం: కెల్సీ తర్వాతి ఈగిల్స్ లైన్‌ని చూడ్డానికి పనికొస్తుందా?

అమెరికన్ ఫుట్‌బాల్‌ని టీవీలో చూస్తే కెమెరా బంతి వెంటే పోతుంది. అయిదుగురి లైన్‌కి నడుమ ఉండే సెంటర్ బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడాన్నే స్నాప్ అంటారు. స్నాప్ అయిన అర సెకను తర్వాత సెంటర్ ఏం చేస్తున్నాడో ఎవరికీ పట్టదు. సెంటర్ జేసన్ కెల్సీ 2024 మార్చిలో రిటైరయ్యాక ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కి ఆ లోటు తీరిందా అని అడిగితే, చాలామంది స్కోరు చూపించి ఊరుకుంటారు. ఆ సీజన్లో 14 గెలుపులు, 3 ఓటములు. చివర్లో చీఫ్స్ మీద 40-22తో సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్ గెలుపు. లైన్ సంగతి స్కోరుతో తేలేది కాదు. గెలిచిన మ్యాచ్‌లోనూ లైన్ తప్పుతుంది, ఓడిన మ్యాచ్‌లోనూ బ్రహ్మాండంగా ఆడుతుంది.

ఈ పనికి ఎన్‌ఎఫ్‌ఎల్ సొంత స్ట్రీమింగ్ సేవ ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్‌లో, ప్రీమియం ప్లాన్‌లోని కోచెస్ ఫిల్మ్ సరిగ్గా సరిపోతుంది. ప్రతి ప్లేనూ రెండు కోణాల్లో చూపిస్తారు. ఒకటి 22 మందీ కనబడేలా పక్క నుంచి, ఎత్తు నుంచి తీసింది. రెండోది ఎండ్‌జోన్ (మైదానం కొసన స్కోరు చేసే చోటు) వెనక నుంచి తీసింది. లైన్ చూడాలనుకునేవాళ్లకి ఈ రెండోదే ప్రాణం. మొదటి కోణంలో అయిదుగురు లైన్‌మెన్ ఒకరి మీద ఒకరు పడ్డట్టు కనిపిస్తారు, ఎవరి భుజం ఎవరి మీదుందో తెలియదు. ఎండ్‌జోన్ కోణంలో పక్కనే నిలబడే గార్డుకీ సెంటర్‌కీ మధ్య సందు ఎంతుందో కూడా అగుపిస్తుంది.

డబ్బు విషయం ముందే చూసుకోండి. 2022లో సేవ మొదలైనప్పుడు ప్రీమియం నెలకు 9.99 డాలర్లు, మరుసటి ఏడాది 14.99 చేశారు. తక్కువ ధర ప్లాన్‌లో ఈ ఫిల్మ్ రాదు, అక్కడే చాలామంది పొరబడతారు. లైవ్ కోసమే తీసుకుంటే నిరాశ తప్పదు: మీ ఊరి జట్టు మ్యాచ్‌లూ ప్రైమ్‌టైమ్ మ్యాచ్‌లూ ఫోన్లోనో టాబ్లెట్లోనో చూడాలి, టీవీకి ఎక్కవు. పైగా ఇది అమెరికాలో ఉన్నవాళ్లకే. ఎడిసన్‌లోనో ఎక్స్‌టన్‌లోనో ఉండే మనవాళ్లకి అందుతుంది కానీ హైదరాబాద్‌లో కూర్చుని చూసేవాళ్లకి కాదు.

ఇక అసలు విషయం. కెల్సీ 2011లో, కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ ఆరో రౌండ్‌లో, 191వ ఎంపికగా వచ్చినవాడు. వరసగా 156 మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడు. బరువు 295 పౌండ్లే, సెంటర్లలో తేలికే. అతని బలమంతా కాళ్లలోనూ తలలోనూ ఉంది. వారసుడు కామ్ జర్గెన్స్‌ని 2022లోనే రెండో రౌండ్‌లో, 51వ ఎంపికగా తీసుకున్నారు. అంటే ఖాళీ రావడానికి రెండేళ్ల ముందే సరుకు తెచ్చి పెట్టుకున్నారన్నమాట. 2023లో అతన్ని కుడి గార్డుగా ఆడించారు. 2024లో సెంటర్‌కి జరపగానే కుడి గార్డు స్థానం ఖాళీ. అక్కడికి మెకై బెక్టన్ వచ్చాడు. 2020లో జెట్స్ 11వ ఎంపికగా తీసుకున్న టాకిల్ (లైన్ చివర ఆడేవాడు), 360 పౌండ్ల పైమాటే. గార్డుగా అతనికి అది కొత్త పని.

ఫిల్మ్‌లో చూడాల్సింది ఈ గొలుసునే. సెంటర్ ఒక్కడినే చూస్తూ కూర్చుంటే సగం కథే దొరుకుతుంది. ఎడమ పక్క లాండన్ డికర్సన్, కుడి పక్క బెక్టన్, ఇద్దరూ భారీ మనుషులు. సెంటర్‌కి ఎదురుగా ఉండే నోస్ టాకిల్ మీద ఏ గార్డు చెయ్యి వేశాడు, ఆ చెయ్యి పడ్డాక జర్గెన్స్ ఎంత త్వరగా వదిలించుకుని డిఫెన్స్ లైన్ వెనకున్న లైన్‌బ్యాకర్ దాకా వెళ్లాడు అన్నది గమనించండి. కెల్సీ ఆ రెండో అంచెకి గార్డు సాయం కోసం చూడకుండా కూడా వెళ్లగలిగేవాడు. జర్గెన్స్‌కి పక్కనున్న బరువే ఆ వెసులుబాటు ఇచ్చింది. నా లెక్కలో కెల్సీ పనిని ఒక్కడు నెత్తికెత్తుకోలేదు, ముగ్గురు పంచుకున్నారు.

చూసే పద్ధతి ఇది. ఒక్కో ప్లేని ఎండ్‌జోన్ కోణంలో మూడుసార్లు నడపండి. మొదటిసారి బంతిని మాత్రమే చూడండి. షాట్‌గన్‌లో, అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వెనక దూరంగా నిలబడ్డప్పుడు, అది దాదాపు 5 గజాలు వెనక్కి వెళ్లి అతని పొట్టకీ ఛాతీకీ మధ్య చేరాలి. మోకాళ్ల దగ్గరకి వస్తే అతని చూపు కిందకి దిగుతుంది, బంతి చేతికిచ్చే తాళం తప్పుతుంది. 2024 తొలి మ్యాచ్‌లో, సావో పావ్‌లో ప్యాకర్స్ మీద, సెంటర్ నుంచి ఈగిల్స్ క్వార్టర్‌బ్యాక్ హర్ట్స్ చేతికి చేరాల్సిన బంతి మొదటి క్వార్టర్లోనే జారిపోయింది. కొత్త సెంటర్‌తో ముందు వచ్చే చిక్కు ఇదే. రెండోసారి సెంటర్ మొదటి అడుగు, తల. హెల్మెట్ డిఫెండర్‌కి ఏ పక్కన పడిందో చూస్తే చాలు, పరుగు ఎటు వెళ్లాలో తెలిసిపోతుంది. మూడోసారి ఇద్దరు గార్డులు.

పాస్ ప్లేల్లో సెంటర్‌కి రెండు పక్కలా ఉన్న సందుల్లో చెరో లైన్‌బ్యాకర్ నిలబడిన చోట ఆగండి. ఒకడు దూకుతాడు, ఒకడు వెనక్కి పోతాడు. లైన్ ఎటు జరగాలో స్నాప్‌కి ముందే తేల్చాలి. తప్పితే ఖాళీగా ఒకడు సుమారు రెండు సెకన్లలో హర్ట్స్ మీదుంటాడు. ఈ తేల్చడంలోనే కెల్సీని మించినవాడు లేడని పేరు.

ఒకే మ్యాచ్ చూడాలంటే 2024 నవంబర్ 24న రామ్స్‌తో ఆడింది తీయండి. ఈగిల్స్ రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు) సేక్వాన్ బార్క్లీ 255 గజాలు పరిగెత్తిన మ్యాచ్, అందులో 70, 72 గజాల టచ్‌డౌన్లు. ఇంకో లాభం కూడా ఉంది. అవతలి జట్టుకీ అదే వేసవి అదే కష్టం వచ్చింది: మూడుసార్లు డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయిన ఆరన్ డొనాల్డ్ కెల్సీ దిగిపోయిన నెలలోనే రిటైరయ్యాడు. రామ్స్ దాన్ని ఇద్దరితో పూడ్చుకుంది. 19వ ఎంపికగా జారెడ్ వర్స్, 39వ ఎంపికగా బ్రేడెన్ ఫిస్క్, ఇద్దరూ ఫ్లోరిడా స్టేట్ వాళ్లే. డొనాల్డ్ రోజుల పాత ఫిల్మ్ దొరికితే పక్కన పెట్టుకోండి. అప్పట్లో స్నాప్ కాగానే అవతలి సెంటర్ హెల్మెట్ చాలావరకు డొనాల్డ్ వైపే తిరిగేది. ఇప్పుడు ఎటు తిరగాలో ప్రతిసారీ చూసుకోవాలి. ఆ తడబాటు మీదే కొత్త కుర్రాళ్లు బతుకుతున్నారు. రెండు నెలల తర్వాత మంచులో ఆడిన ప్లేఆఫ్‌లో ఇదే జట్టు హర్ట్స్‌ని అతని ఎండ్‌జోన్‌లోనే పడగొట్టి సేఫ్టీ (రెండు పాయింట్లు) రాబట్టింది. మ్యాచ్ మాత్రం ఈగిల్స్‌దే, 28-22.

లోపాలూ ఉన్నాయి. ఈ ఫిల్మ్‌లో లైన్ మీద అరిచే కేకలు వినబడవు. లైన్ జరగమని చెప్పింది జర్గెన్సా, హర్ట్సా అన్నది ఎన్నిసార్లు చూసినా తేలదు. కెల్సీతో పోల్చాల్సిన ముఖ్యమైన సంగతే ఇలా చేజారుతుంది. క్వార్టర్‌బ్యాక్‌ని వెనక నుంచి ముందుకు నెట్టే టష్ పుష్‌లో మరీ కష్టం: ఏ కోణంలో చూసినా మనుషుల కుప్పే. దానికి టీవీ ప్రసారమే నయం. వాషింగ్టన్ మీద ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్ (సూపర్ బౌల్‌కి ముందు మ్యాచ్) నాలుగో క్వార్టర్లో అవతలి లైన్‌బ్యాకర్ ఫ్రాంకీ లూవూ లైన్ మీంచి మళ్లీ మళ్లీ దూకడం, ఇలాగే చేస్తే స్కోరు ఇచ్చేస్తానని రిఫరీ హెచ్చరించడం అక్కడైతే మాటలతో సహా దొరుకుతాయి. ఆ మ్యాచ్‌లో ఇంకోటి మాత్రం ఫిల్మ్‌లోనే చూడాలి. జర్గెన్స్‌కి నడుం నొప్పి అని డికర్సన్ సెంటర్‌గా మొదలెట్టాడు, అతని మోకాలు దెబ్బతినగానే రెండో సగంలో జర్గెన్సే దిగాడు. ఒకే మ్యాచ్‌లో ఇద్దరు సెంటర్లు, స్నాప్ ఎత్తులో తేడా పోల్చుకోవచ్చు.

లైన్ ఆట మీద ఆసక్తి లేకపోతే ఈ ప్లాన్ దండగ, హైలైట్స్ ఉచితంగానే దొరుకుతాయి. ఉంటే ఏడాదికి కట్టకుండా ఒక్క నెల తీసుకోండి. మీకు కావలసిన సీజన్ కోచెస్ ఫిల్మ్ జాబితాలో ఉందో లేదో కట్టే ముందు సరిచూసుకోండి. 2025 లైన్ కూడా చూడదలిస్తే కుడి గార్డు దగ్గర మొదలుపెట్టండి. బెక్టన్ చార్జర్స్‌కి వెళ్లాడు, అక్కడ టైలర్ స్టీన్ వచ్చాడు, జర్గెన్స్ నడుం ఆపరేషన్ చేయించుకుని వచ్చాడు.