మాడ్యూల్ కొనేముందు ఒక్క గడి ఖాళీగా పెట్టి చూడండి

ఆర్డర్ ఫైళ్లు చదివి డెలివరీ ఛార్జీ లెక్కగట్టే మాడ్యూల్ (వేరేవాళ్లు రాసి అమ్మే కోడ్) ఒకటి లైసెన్సు కట్టి కొన్నాం. డెమోలో ఎక్కడా ఆగలేదు. "మా కోడ్ క్రాష్ అవ్వదు" అని అమ్మినవాళ్లు గట్టిగా చెప్పారు. ఆ మాట నమ్మే మోసపోయాను. మీరు నమ్మకండి.

మూడు వారాలకు లెక్కలు తేలడం మానేశాయి. లాగ్ (ప్రోగ్రామ్ ఏం చేసిందో నమోదయ్యే ఫైలు) మొత్తం గాలించాను, ఒక్క ఎర్రర్ లేదు. టెన్షన్‌తో ఆర్డర్లను ఒక్కొక్కటిగా తెరిస్తే అసలు సంగతి బయటపడింది. కొన్నింటిలో బరువు గడి ఖాళీగా ఉంది, వాటన్నిటికీ ఛార్జీ సున్నా పడింది. కోడ్ లోపల బరువు చదివే చోట ఒక ట్రై (ప్రయత్నించి చూసే భాగం), కింద ఒక క్యాచ్ (ఎర్రర్ వస్తే నడిచే భాగం), ఆ క్యాచ్‌లో ఒకే ఒక్క లైను: రిటర్న్ 0, అంటే సున్నా ఇచ్చెయ్ అని. లాగ్‌లో ఒక్క ముక్క రాయలేదు. అది చూసి చాలాసేపు నాకు నోట మాట రాలేదు.

బరువు సున్నా కావడం వేరు, బరువు తెలియకపోవడం వేరు. ఈ రెంటినీ కలిపేసే కోడ్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఆ తేడా నిలపడం కష్టమేమీ కాదు. పైథాన్ భాషలో డిక్షనరీ అంటే పేరు (కీ), దాని విలువ జతలుగా దాచే పట్టిక; అందులో లేని కీని బ్రాకెట్లతో అడిగితే కీఎర్రర్ అనే ఎర్రర్ వచ్చి పని ఆగుతుంది. గో భాషలో అలాంటి పట్టికే మ్యాప్; అంకెలు దాచినప్పుడు అది లేని కీకి సున్నా ఇచ్చినా, కీ నిజంగా ఉందో లేదో చెప్పే రెండో విలువను కూడా అడిగి తీసుకోవచ్చు. రస్ట్‌లో ఆప్షన్ (విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు అని చెప్పే రకం) వాడితే, విలువ లేనప్పుడు ఏం చేయాలో రాసేదాకా కంపైలర్ (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చేది) వదలదు.

డిఫాల్ట్ (విలువ లేనప్పుడు కోడ్ తనే వేసుకునే విలువ) పెట్టడమే తప్పని అనను. ముద్దుపేరు లేకపోతే ఖాళీగా చూపించండి, ఎవరికీ నష్టం లేదు. డబ్బు, బరువు, మందు మోతాదు లాంటి చోట మాత్రం కోడ్ ఆగి తీరాలి. ఏ వరుసలో ఏ గడి లేదో పేరుతో సహా చెప్పాలి.

అందుకే ట్రయల్ అడగండి. ఒకే ఆర్డర్‌ను మూడు రకాలుగా పంపండి: గడి పూర్తిగా తీసేసి, గడి ఖాళీగా ఉంచి, గడిలో నిజంగానే 0 రాసి. మూడింటికీ ఒకే జవాబు వస్తే డబ్బు కట్టకండి. ట్రయల్ ఇవ్వం అని వాళ్లంటే అక్కడితో ఆపేయండి.

డబ్బు వెనక్కి అడిగితే "అది లోపం కాదు, అలాగే రాశాం" అన్నారు. మాడ్యూల్‌కి ముందు మేమే ఒక తనిఖీ రాసుకున్నాం. పాత ఆర్డర్లు ఇంకా చేత్తో సరిచేస్తూనే ఉన్నాం.